అరణ్యగర్భంలో ఒక రాతి నగరం

అభయారణ్యం అనగానే మానవుని అడుగు పడని తావు అన్న భావం మన మనస్సులో మెదలుతుంది. ఈ భావం ఎంతవరకు సత్యమో తెలిసికొనుటకు దక్షిణాఫ్రికాలోని తులమేల శిథిలాలు చక్కని నిదర్శనం.

దక్షిణాఫ్రికా ఈశాన్య సరిహద్దున దాదాపు 20,000 చదరపు కిలోమీటర్ల విస్తీర్ణంలో క్రూగర్ జాతీయోద్యానవనం ఉన్నది. 1926లో ఏర్పడిన ఈ వనం ఏనుగులకు, సింహాలకు ప్రసిద్ధి. దాని ఉత్తరాగ్రాన, లువువు నది లింపోపోలో కలిసే ప్రాంతానికి సమీపంలో, ఒక కొండపై తులమేల నిలిచి ఉన్నది. చుట్టూ మహాకాయాలైన బయోబాబ్ వృక్షాలు. గోల్కొండ నయా ఖిలాలో మనం చూచే 'హాథియాన్ కా ఝాడ్' ఈ జాతి చెట్టే.

1983లో ఒక వనోద్యోగి ఈ శిథిలాలను గుర్తించగా, 1990వ దశకంలో త్రవ్వకాలు జరిగాయి. సుమారు 13వ శతాబ్దం నుండి 17వ శతాబ్దం వరకు ఇక్కడ జనావాసం ఉండేదని పండితుల నిర్ణయం. సున్నం గాని, అడుసు గాని లేకుండా రాతిపై రాయి పేర్చి కట్టిన గోడలు రాజనివాసాన్ని సామాన్యుల ఇళ్ళ నుండి వేరుపరిచేవి. బంగారు పూసలు, దంతపు వస్తువులు, నూలు వడికే కదురు బిళ్ళలు, చైనా పింగాణీ, గాజుపూసలు ఇక్కడ లభించాయి. దక్షిణాఫ్రికా ప్రాచీన స్థలాలలో దొరికిన గాజుపూసలలో అనేకం హిందూ మహాసముద్ర వర్తకం ద్వారా మన దేశం నుండి వెళ్ళినవే. సముద్రానికి దూరంగా అడవిలో ఉన్నప్పటికీ ఈ నగరం లోకానికి దూరంగా లేదన్నమాట.

ఇక్కడ బయల్పడిన రెండు అస్థిపంజరాలను పరిశోధన ముగిసిన పిమ్మట, స్థానిక ప్రజల సమ్మతితో 1997లో తిరిగి అక్కడే సమాధి చేశారు. శాస్త్రజిజ్ఞాసకు, మృతుల గౌరవానికి పొత్తు కుదిరిన అరుదైన సందర్భమిది.

అయితే సజీవుల విషయంలో ఈ గౌరవం ఆలస్యంగా లభించింది. సమీపంలోని మకులేకె ప్రజలను 1969లో వర్ణవివక్ష ప్రభుత్వం బలవంతంగా ఖాళీ చేయించి, వారి భూమిని ఉద్యానవనంలో కలిపింది. 1998లో ఆ భూమి తిరిగి వారి హక్కుభుక్తమైనది. అయినా వారు అడవిని నరకలేదు. సంయుక్త నిర్వహణలో వన్యప్రాణి రక్షితప్రాంతంగానే ఉంచారు. అడవిని కాపాడుటకు మనిషిని వెళ్ళగొట్టనక్కరలేదని దీనివలన స్పష్టమగుచున్నది.

విద్యార్థులు ఏ అరణ్యానికి విహారయాత్రకు వెళ్ళినా, చెట్టును, మృగాన్ని చూచినట్లే రాతి గుట్టను కూడ నిలిచి చూడాలి. ఆ రాళ్ళను పేర్చిన చేతులెవరివి, ఆ ప్రజలేమైనారు అని ప్రశ్నించుకోవాలి. చరిత్రాధ్యయనం ఆ ప్రశ్నతోనే ప్రారంభమవుతుంది.