గెలిచినా ఖర్చే: సాఫ్ట్‌వేర్ పేటెంట్లూ, ఒంటరి ప్రోగ్రామరూ

2011 మే నెలలో ఐఫోన్‌కు సొంతంగా యాప్‌లు రాసుకునే కొందరికి లాడ్సిస్ అనే టెక్సస్ సంస్థ నుంచి నోటీసులు అందాయి. ఉచిత యాప్ వాడుతున్నవారు డబ్బు కట్టి పూర్తి యాప్‌కు మారడానికి అందులో ఒక బటన్ ఉంటుంది. ఆ ఏర్పాటు తమ పేటెంటు కిందకు వస్తుందనీ, లైసెన్సు తీసుకోవాలనీ వాటి సారాంశం. యాప్ లోపలే అమ్మకాలు జరిపే ఆ సదుపాయాన్ని సమకూర్చింది ఆపిల్. యాప్ రాసినవాళ్లు దాన్ని వాడుకున్నారంతే.

ఎవరి దగ్గరా కాపీ కొట్టనివాడు తప్పు చేసినట్టెలా అవుతుంది? కాపీరైట్ చట్టమైతే కాదనే అంటుంది. అది రాసిన కోడ్‌ను కాపాడుతుంది. ఒకరినొకరు ఎరగని ఇద్దరు ఒకే పని చేసే ప్రోగ్రాములు రాసుకుంటే ఎవరిది వారిదే. పేటెంటు కాపాడేది పద్ధతిని. అదే పద్ధతిని మరొకరు సొంతంగా ఆలోచించి రాసుకున్నా ఉల్లంఘనే.

ముందే వెతికి చూసుకోవచ్చు కదా అనిపిస్తుంది. చిన్న ప్రోగ్రాములో కూడా ఎన్నో పద్ధతులు కలిసి ఉంటాయి. పేటెంటు పత్రాల్లోని లాయర్ల భాష చదివి ఏది దేనికి తగులుతుందో తేల్చడం నిపుణులకే కష్టం. పెద్ద కంపెనీలే ఇందులో పొరబడ్డాయి. కంప్యూసర్వ్ సంస్థ 1987లో జిఫ్ బొమ్మల ఫార్మాట్‌ను తెచ్చింది. అందులో వాడిన కుదింపు పద్ధతిపై 1985లోనే మంజూరైన పేటెంటు యూనిసిస్ చేతిలో ఉంది. జిఫ్ ప్రపంచమంతా పాకాక, 1994 డిసెంబరులో, సాఫ్ట్‌వేర్ తయారీదారులు లైసెన్సు తీసుకోవాలన్న ప్రకటన వెలువడింది. దాన్ని తప్పించుకోవడానికే పీఎన్‌జీ ఫార్మాట్ పుట్టింది.

లాడ్సిస్ అడిగింది అమెరికా అమ్మకాల్లో 0.575 శాతం. ఏడాదికి 10 లక్షల డాలర్ల అమ్మకాలుంటే 5,750 డాలర్లు. కోర్టుకెక్కితే ఆ సొమ్ము లాయరు ఫీజుల్లో ఓ మూలకు కూడా చాలదు. పైగా అమెరికాలో సాధారణంగా ఎవరి లాయరు ఖర్చు వారిదే, గెలిచినవాడికి ఓడినవాడు ఇవ్వడు. వ్యాజ్యంలో ఓడినవాడు కోర్టులో ఏడిస్తే గెలిచినవాడు ఇంటికెళ్లి ఏడ్చాడన్న సామెత ఇక్కడ అక్షరాలా నిజం. అడిగే మొత్తం పోరాడే ఖర్చు కన్నా తక్కువైతే చాలు, బలహీనమైన పేటెంటుకైనా డబ్బు రాలుతుంది.

తరువాత జరిగింది కూడా అదే. తాను తీసుకున్న లైసెన్సు యాప్ తయారీదారులకూ వర్తిస్తుందని ఆపిల్ లేఖ రాసింది. అయినా లాడ్సిస్ ఆ నెలాఖరుకే ఏడుగురిపై తూర్పు టెక్సస్ కోర్టులో దావా వేసింది. వారిలో స్వీడన్, వియత్నాం ఆటల స్టూడియోలూ ఉన్నాయి. ఆపిల్ కేసులో చేరింది కానీ, ఈలోగా చిన్నవాళ్లు రాజీ పడ్డారు. దాంతో లైసెన్సు ప్రశ్న తేలకుండానే కేసు 2013లో ముగిసింది. మరో దావాలో కాస్పర్‌స్కీ అనే సాఫ్ట్‌వేర్ సంస్థ రాజీకి ఒప్పుకోలేదు. విచారణ దగ్గరపడగానే లాడ్సిస్ కేసు వదులుకుంది. పేటెంటు బలమెంతో అక్కడా తేలలేదు.

అప్పటి నుంచి అమెరికా చట్టం కొంత మారింది. మంజూరైన పేటెంటును పేటెంటు కార్యాలయంలోనే సవాలు చేసే కొత్త మార్గం 2012లో తెరుచుకుంది. దానికీ ఫీజు వేల డాలర్లే. నైరూప్యమైన ఆలోచనను మామూలు కంప్యూటర్‌పై నడిపినంత మాత్రాన పేటెంటు రాదని 2014లో ఆలిస్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ఆ తీర్పుతో చాలా పేటెంట్లు తొలిదశలోనే వీగిపోతున్నాయి. అయితే ఆ దశ దాకా వెళ్లడానికీ లాయరు కావాలి.

మన చట్టంలో సెక్షన్ 3(కె) ఉంది. కంప్యూటర్ ప్రోగ్రాము దానికదిగా పేటెంటుకు అర్హం కాదు. దీన్ని సడలించాలని 2004 చివర్లో ఆర్డినెన్స్ తెచ్చారు కానీ, 2005లో పార్లమెంటు చేసిన చట్టంలో ఆ సడలింపు లేదు. హైదరాబాద్‌లో కూర్చుని యాప్ రాసేవారికి ఇది ఊరటే. అదే యాప్‌ను అమెరికాలో అమ్మితే మాత్రం అక్కడి పేటెంట్ల బెడద తప్పదు.

అలాంటి నోటీసు వస్తే వెంటనే డబ్బు కట్టకూడదు, పక్కన పడేయకూడదు. వాడిన సదుపాయం ఇచ్చిన కంపెనీకి ఆ పేటెంటుపై లైసెన్సు ఉందేమో కనుక్కోవాలి. అదే నోటీసు అందుకున్న ఇతరులను వెతికి లాయరు ఖర్చు పంచుకోవాలి. ఒక్కడిగా ఉంటే రాజీయే చౌక. పదిమంది కలిస్తే ఆ లెక్క మారుతుంది.