మండలానికో అంకె, అన్నిటికీ ఒకే నియమం

ఉరవకొండ, వజ్రకరూరు, విడపనకల్లు, బెళుగుప్ప, కూడేరు మండలాలు ఒకదానినొకటి ఆనుకొని ఉన్నప్పటికీ, వాటిపై కురిసే వాన గాని, ఆ వాన తేమను నిలుపుకొనే నేల గాని అంతటా ఒక్కతీరుగా ఉండవు. పడమటి కనుమల వెనుక వానచాటున పడిన అనంతపురం పీఠభూమిలో ఏడాది సగటు వర్షపాతం సుమారు 550 మిల్లీమీటర్లు మాత్రమే కాగా, ఆ కొద్దిపాటి వాన కూడా ఏ వారం పడింది, ఏ వారం మొహం చాటేసింది అన్నదాన్ని బట్టే బుడ్డల (వేరుశనగ) పంట నిలవడమో ఎండిపోవడమో జరుగుతుంది. ఇటువంటి చోట పంటల బీమాకు గాని, కరువు నిర్ధారణకు గాని రాసే నియమాలు అన్ని మండలాలకూ ఒకే రూపంలో ఉండాలి, అయితే వాటిలోని అంకెలు మాత్రం ఏ మండలానికి ఆ మండలంవే కావాలి. ఈ రెండు అవసరాలనూ ఒకేసారి తీర్చడానికి కంప్యూటర్ రంగంలో ఏర్పడిన సాధనమే నియమ మూస, అనగా మళ్లీ మళ్లీ వాడుకోదగిన నియమాల టెంప్లేట్.

నియమం అంటే ఒక షరతు, ఆ షరతు నెరవేరినప్పుడు జరగవలసిన పని. ఫలానా గడువులో ఇంతకన్నా తక్కువ వాన పడితే ఇంత పరిహారం చెల్లించాలి అన్నది అటువంటి ఒక నియమం. పూర్వం బ్యాంకులు, బీమా సంస్థలు, ప్రభుత్వ శాఖలు ఇటువంటి నియమాలను ప్రోగ్రాముల లోపల, ప్రోగ్రామర్లకు తప్ప ఇతరులకు అర్థంకాని భాషలో రాయించుకొనేవి. అందువల్ల ఒక్క అంకె మారవలసి వచ్చినా ప్రోగ్రామును తిరగరాయడం, పరీక్షించడం, మళ్లీ అమలులో పెట్టడం తప్పేది కాదు. నియమాలను ప్రోగ్రాము నుంచి విడదీసి, వేరే భాండాగారంలో ఉంచి, ఆ విషయం తెలిసిన అధికారులే వాటిని చదివి సవరించుకొనే వీలు కల్పించే సాఫ్ట్‌వేరును బిజినెస్ రూల్స్ మేనేజ్‌మెంట్ సిస్టమ్ అంటారు. 1970లలో కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో చార్లెస్ ఫోర్జీ రూపొందించిన రీటే అనే పద్ధతి, వేల నియమాలలో ప్రస్తుత సమాచారానికి వర్తించేవి ఏవో త్వరగా తేల్చగలగడంతో ఈ రంగానికి పునాది అయింది. నేడు ఐబీఎం ఆపరేషనల్ డెసిషన్ మేనేజర్, ఫైకో బ్లేజ్ అడ్వైజర్, ఓపెన్ సోర్స్‌లో లభించే డ్రూల్స్ వంటివి ఈ కోవలో వాడుకలో ఉన్నాయి.

మూస అవసరం ఎక్కడ పుడుతుందో వాన బీమాలో తేటగా కనిపిస్తుంది. 2003లో ప్రపంచ బ్యాంకు సాంకేతిక సహాయంతో బేసిక్స్, ఐసీఐసీఐ లాంబార్డ్ సంస్థలు అప్పటి ఆంధ్రప్రదేశ్‌లోని మహబూబ్‌నగర్ జిల్లాలో వేరుశనగ, ఆముదం రైతులకు వర్షపాతం ఆధారంగా బీమాను ప్రవేశపెట్టగా, అది ఆ వెంటనే అనంతపురం జిల్లాకూ విస్తరించింది. పొలంలో నష్టాన్ని ఒక్కొక్కటిగా కొలవకుండా, వానమాపకంలో నమోదైన మిల్లీమీటర్లను బట్టే పరిహారం లెక్కించడం దాని విశేషం. పంటకాలాన్ని విత్తనం, ఎదుగుదల, కోత అనే మూడు దశలుగా విభజించి, ప్రతి దశకూ రెండు హద్దులు పెట్టేవారు. వాన మొదటి హద్దు కన్నా తగ్గితే, తగ్గిన ప్రతి మిల్లీమీటరుకూ కొంత చొప్పున పరిహారం మొదలవుతుంది. మరీ తగ్గి రెండవ హద్దుకు చేరితే ఆ దశకు నిర్ణయించిన పూర్తి మొత్తం చెల్లుతుంది.

ఊహించిన అంకెలతో చూస్తే, ఒక దశకు మొదటి హద్దు 75 మిల్లీమీటర్లు, రెండవది 20, మిల్లీమీటరుకు చెల్లింపు రూ.10, పూర్తి మొత్తం రూ.1,000 అనుకుంటే, 45 మిల్లీమీటర్లు కురిసిన మండలంలో లోటు 30 గనుక పరిహారం రూ.300 అవుతుంది. ఇప్పటి అనంతపురం జిల్లాలోని 31 మండలాలకు, మండలానికి మూడు దశల చొప్పున ఇటువంటి నియమాలను విడివిడిగా రాస్తే 93 అవుతాయి. అన్నిటి వాక్యమూ ఒకటే, అంకెలే వేరు. రేపు ఆ వాక్యంలో ఒక షరతు చేర్చవలసి వస్తే 93 చోట్ల చేర్చాలి. 92 చోట్ల చేర్చి ఒక్కచోట మరచిపోతే, ఆ ఒక్క మండలపు రైతులకు అన్యాయం జరుగుతుంది, అది ఎందుకు జరిగిందో కనిపెట్టడమూ కష్టమే.

మూసలో ఈ వాక్యాన్ని ఒకే ఒక్కసారి రాసి, జిల్లా, మండలం, దశ, రెండు హద్దులు, చెల్లింపు రేటు, పూర్తి మొత్తం అనే చోట్లను ఖాళీలుగా వదులుతారు. ఆ ఖాళీలను నింపే విలువలు ఒక పట్టికలో, వరుసకో నియమం చొప్పున ఉంటాయి. సీమ రైతు వాడే గొర్రులో సాళ్ల మధ్య దూరం బిగించి ఉండి, జడ్డిగంలో పోసే విత్తనం మాత్రం మారుతున్నట్లే, ఇక్కడ వాక్య నిర్మాణం స్థిరంగా నిలిచి, పట్టికలోని విలువలు మారుతుంటాయి. డ్రూల్స్‌లో మూసను ఒక ఫైలుగానూ విలువలను స్ప్రెడ్‌షీటుగానూ ఇస్తే, ప్రతి వరుసకూ ఒక పూర్తి నియమం దానంతటదే తయారవుతుంది. ఐబీఎం సాధనంలోనైతే నియమంలో మార్చకూడని భాగాలకు తాళం వేసి, మార్చదగిన భాగాలను మాత్రమే వాడుకరికి తెరిచి ఉంచవచ్చు. 2022 ఏప్రిల్‌లో పూర్వపు అనంతపురం జిల్లాలోని 63 మండలాలు రెండు జిల్లాలుగా విడిపోవడం వంటి మార్పు వచ్చినప్పుడు, మూస పద్ధతిలో పట్టికలోని జిల్లా పేరును సవరిస్తే సరిపోతుంది, వాక్యాన్ని ముట్టుకోవలసిన పనే ఉండదు.

అయితే ఏది స్థిరం, ఏది ఖాళీ అన్న నిర్ణయమే ఇందులో అన్నిటికన్నా బరువైనది, దాన్ని సాంకేతిక నిపుణులకే వదిలివేయడం సరికాదు. ఖాళీలు మరీ తక్కువైతే నల్లరేగడికీ ఎర్రనేలకూ ఒకే కొలత అంటగట్టినట్లవుతుంది. తేమను చాలాకాలం నిలుపుకొనే రేగడిలో పంట తట్టుకోగలిగిన బెట్టను, ఎర్రనేలలో ఊడలు దిగే దశలో ఉన్న వేరుశనగ తట్టుకోలేదు. ఖాళీలు మరీ ఎక్కువైతే, షరతుతో సహా అన్నీ మార్చదగినవే అయినప్పుడు, అది నియమంగా మిగలదు, ఎవరేమి రాసుకున్నా చెల్లే తెల్లకాగితం అవుతుంది. రెండు నేలల లెక్కలు మౌలికంగానే వేరైనప్పుడు ఒకే మూసను సాగదీయడం కన్నా రెండు మూసలు తయారుచేయడమే మేలు.

తాళం వేయవలసిన భాగాలలో ముఖ్యమైనది, కొలత అందని రోజును గురించిన షరతు. వానమాపకం పాడై ఒక రోజు లెక్క రాకపోతే, ఆ ఖాళీని సున్నాగా తీసుకున్న పక్షంలో పడిన వాన పడనట్లవుతుంది. సగటు వానగా తీసుకుంటే పడని వాన పడినట్లవుతుంది. పక్క కేంద్రపు కొలతను వాడాలా, వాడితే ఏ కేంద్రానిది అన్నది మూసలోనే ముందుగా తేల్చి ఉంచాలి. అలాగే సరిగ్గా హద్దు మీదనే నిలిచిన వానకు పరిహారం ఎంత, గడువు ఏ తేదీన మొదలై ఏ తేదీన ముగుస్తుంది అన్నవి కూడా ఎవరి ఇష్టానికీ విడవకూడదు. మూసలో దొర్లిన తప్పు ఒక్క నియమంతో ఆగక అన్ని మండలాలకూ పాకుతుంది గనుక, అమలుకు ముందే పాత సంవత్సరాల వానలెక్కలను దానిలో వేసి, ఏ ఏడాది ఏ మండలానికి ఎంత వచ్చి ఉండేదో చూసి, అది ఆనాటి పంట పరిస్థితితో సరిపోలుతుందో లేదో పరిశీలించాలి. ఏ విలువను ఎవరు, ఎప్పుడు మార్చారన్నది చెరిగిపోకుండా నమోదు కావడం కూడా ఈ సాఫ్ట్‌వేరుల ప్రయోజనాలలో ఒకటి, ప్రజాధనం ముడిపడిన చోట ఇది తప్పనిసరి.

కరువు మండలాల నిర్ధారణ కూడా ఇదే తీరులో సాగే ప్రక్రియ. కేంద్ర ప్రభుత్వం 2016లో వెలువరించిన కరువు నిర్వహణ మాన్యువల్ వర్షపాతపు లోటును, వరుస వారాల బెట్టను మొదటి మెట్టుగా తీసుకొని, ఆపై సాగు విస్తీర్ణం, ఉపగ్రహ చిత్రాలలోని పచ్చదనం, నేలలో తేమ, నీటి వనరుల స్థితి వంటి సూచికలను చూడమంటుంది. చివరకు కొన్ని గ్రామాలలో క్షేత్ర పరిశీలన కూడా జరగాలి. ఇక్కడ మూస దేశమంతటికీ ఒకటే, మండలపు సాధారణ వర్షపాతమే ఖాళీలో నిండే విలువ. క్షేత్ర పరిశీలనను మెట్టుగా ఉంచడం ఎంతో వివేకమైన ఏర్పాటు. మండల కేంద్రంలోని వానమాపకంపై పడిన జల్లు కొద్ది మైళ్ల దూరంలోని పల్లెపై పడకపోవడం ఈ సీమలో ఏటా కనిపించేదే, దాన్ని ఏ మూస కూడా సరిదిద్దలేదు.

ఇంత చేసినా, ఆ పట్టికలో తన మండలపు వరుస ఏమి చెబుతోందో ఉరవకొండ రైతుకు తెలియకపోతే ఆ నియమం సగమే రాసినట్లు. మూస వాక్యాన్ని తెలుగులో, మండలపు అంకెలతో నింపి, విత్తనానికి పదును రాకముందే ప్రతి రైతు సేవా కేంద్రం గోడపై అంటించవలసిన బాధ్యత వ్యవసాయ శాఖపైనా, బీమా సంస్థలపైనా ఉంది.