ఒక ఐతియొపీయ సన్న్యాసిని సంగీతము

ఐతియొపీయ దేశమనగానే మన బాలబాలికలకు, రథముపై కూర్చుండి యెషయా గ్రంథమును చదువుకొనుచు యెరూషలేము నుండి మరలిపోవుచుండిన యధికారి జ్ఞప్తికి వచ్చును. ఆ దేశమున పుట్టి, తన పియానో వాద్యమును ఖండాంతరములకు వినిపించి, కడపట యెరూషలేములోనే దీర్ఘకాలము నివసించిన యొక స్త్రీని గూర్చి యిచ్చట వ్రాయదలచితిని. ఆమె పేరు ఎమహోయి త్సెగె మరియం గెబ్రూ. ‘ఎమహోయి’ యనునది ఆ దేశపు సంఘములో సన్న్యాసినులకు నిచ్చు గౌరవపదము.

ఆమె 1923వ సంవత్సరము డిసెంబరు 12వ తేదీన అడిస్ అబాబా పట్టణమున జన్మించెను. తల్లిదండ్రులు పెట్టిన పేరు యెవుబ్దార్. తండ్రి రాజకార్యములందు ప్రసిద్ధి గాంచినవాడు. ఆరేండ్ల ప్రాయమున నామెను సోదరితో కూడ స్విట్జర్లాండులోని యొక వసతి పాఠశాలకు పంపిరి. ఫిడేలును, పియానోను అచ్చటనే నేర్చుకొనెను. 1933లో స్వదేశమునకు మరలి వచ్చెను గాని ఆ నెమ్మది యెంతోకాలము నిలువలేదు. 1935లో ఇటలీ సైన్యములు ఐతియొపీయపై దండెత్తెను. 1937లో ఆమెను కుటుంబముతో కూడ చెరపట్టి, సార్డీనియా చెంతనున్న అసినారా ద్వీపమునకు కొనిపోయిరి. ఆమె కుటుంబీకులలో ముగ్గురు ఇటలీవారిచేత చంపబడిరి.

స్వాతంత్ర్యము మరల లభించిన పిమ్మట ఆమె కైరో నగరమునకు పోయి, అలెగ్జాండర్ కొంటొరోవిచ్ అను పోలండు దేశపు ఫిడేలు విద్వాంసునియొద్ద దినమునకు తొమ్మిది గంటలు సాధన చేసెను. తరువాత లండనులో చదువుటకు అవకాశము కలిగినను, పోవుటకు అనుమతి దొరకలేదు. ఇట్టివారికి దూరముననుండి ధైర్యము చెప్పుట సులభము. ఆమె మాత్రము నిజముగా కృంగిపోయెను; అన్నము మాని మరణావస్థకు వచ్చెను. ప్రభు భోజనము తీసికొని కోలుకొనిన మీదట ఆమె మనస్సు వేరు మార్గమును పట్టెను. కొండపైనున్న గిషెన్ మరియం మఠమును చేరి, ఇరువది యొక్క యేండ్ల వయస్సున సన్న్యాసిని యయ్యెను. అచ్చట పది సంవత్సరములు మట్టి గుడిసెలో నివసించి, చెప్పులు లేక నడిచెను. పియానో మాటయే లేదు.

ఆరోగ్యము చెడి, తల్లియొద్దకు వచ్చిన తరువాతనే ఆమె మరల వాద్యమును ముట్టెను. 1960 తరువాత గోండార్ పట్టణమున నుండి, ఆరవ శతాబ్దమున యారేదు అను భక్తుడు ఏర్పరచినట్లు చెప్పబడు సంఘ సంగీతమును అభ్యసించెను. ఈ విద్యను నేర్చు బాలురు, పూర్వము మన దేశమున మాధుకరము చేసికొని చదివిన బ్రహ్మచారులవలె, ఇంటింట భిక్షమెత్తుకొని గురువునొద్ద పాఠము వల్లించుదురు. రాత్రివేళ దేవాలయ ద్వారములయొద్ద ఆరుబయట పండుకొనియుండిన ఆ బాలురను చూచి ఆమె నిలువలేకపోయెను. ఇచ్చుటకు ధనము లేదు. దేవాలయ ద్వారమునొద్ద కుంటివానిని చూచిన పేతురుకును ధనము లేదు గదా! ఆమెకు కలిగినది సంగీతమొక్కటే.

కనుక 1967లో, హైలే సెలాసీ చక్రవర్తి సాయముతో, ఆమె వాయించిన మొదటి గ్రామఫోను రికార్డు జర్మనీ దేశమున వెలువడెను. దానివలన వచ్చు సొమ్ము బీదలకే. తరువాతి రికార్డులును, యుద్ధమున మడిసిన సైనికుల బిడ్డలుండు అనాథశాల మొదలగువాటికి తోడ్పడుటకై వెలువడినవి. విదేశములలో కీర్తి సంపాదింపవలెనని లండనుకు పోజూచినప్పుడు మూయబడిన తలుపు, ఇతరుల యాకలికై వాయించినప్పుడు తెరువబడుట వింతగా తోచును.

ఆ సంగీత మెట్టిదనిన: ఎడమచేయి ఐరోపావారి నాట్యగతిని మెల్లగా నడుపుచుండగా, కుడిచేయి దేవాలయ గానమునందలి గమకములవంటి వంపులను, కాలనియమమును లెక్కింపక, వాయించుచుండును. ఆ దేశపు పాటలలో అనేకము అయిదు స్వరముల మేళములే. అందు ‘తిజిత’ యనుదాని యొక రూపమునకు మన మోహన రాగపు స్వరములే యున్నవి. కాబట్టి మన చెవికి అది అంతగా పరాయిదిగా తోచదు.

1974లో చక్రవర్తి పదచ్యుతుడయ్యెను. తల్లి మరణానంతరము, 1984లో, ఆమె యెరూషలేములోని ఐతియొపీయ మఠమునకు వెడలి, ఒక చిన్న గదిలో పియానోతో కాలము గడపెను. 2006లో ఫ్రాన్సు దేశమున ప్రకటింపబడుచుండిన ‘ఎతియోపిక్స్’ అను వరుసలో 21వ సంపుటము పూర్తిగా ఆమె సంగీతమే. దానితో ఐరోపా, అమెరికాలలో ఆమెను ఎరుగనివారు ఎరిగిరి. 2021లో ‘పాసింగ్’ అను అమెరికా చలనచిత్రమునందును ఆమె వాద్యము వినవచ్చెను. ఆమె పేరిట ఏర్పడిన సంస్థ, ఆఫ్రికాలోను అమెరికాలోను బీద బిడ్డలకు సంగీతము నేర్పించుటకై ఉద్దేశింపబడినది.

2023వ సంవత్సరము మార్చి 26వ తేదీన, తొంబది తొమ్మిదేండ్ల ప్రాయమున, ఆమె యెరూషలేములో మృతినొందెను. అంతకు ముందే తాను వ్రాసికొనిన స్వరపత్రములను, నలిగిన సంచులలో కట్టి దాచియుంచిన వందల కాగితములను, ఒక పియానో విద్వాంసురాలి చేతికిచ్చెను. వానినుండి ఏరిన కృతులు 2013లో పుస్తకముగా అచ్చుపడినవి.