పెద్ద అక్షరము గౌరవచిహ్నము కాదు

ఇంగ్లీషు వ్యాసపుస్తకములను దిద్దునపుడు ఉపాధ్యాయుని ఎఱ్ఱసిరా తఱచుగా పెద్ద అక్షరముల కడనే ఖర్చగుచుండును. ఇది పిల్లల అశ్రద్ధయని తల్లిదండ్రులు మందలించుట కద్దు. కాని దోషమంతయు అశ్రద్ధది కాదు. తెలుగులో 'క' ఎచ్చట వ్రాసినను ఒకటే. మన చుట్టునున్న కన్నడ, తమిళ, ఒడియా, మరాఠీ లిపులలోను పెద్ద చిన్న భేదము లేదు. ఇంటిభాషలోను ఇరుగుపొరుగు భాషలోను లేని పద్ధతిని పిల్లలు ఇంగ్లీషులోనే క్రొత్తగా నేర్వవలసియున్నది.

కారణము తెలియనపుడు పిల్లలు తమకు తోచిన కారణమును కల్పించుకొందురు. గొప్పవారికి పెద్ద అక్షరము, సామాన్యులకు చిన్న అక్షరము అని తలతురు. 'గారు' చేర్చి పెద్దలను గౌరవించు మన అలవాటు ఇందుకు తోడగును. కనుకనే 'మై ఫాదర్', 'అవర్ టీచర్' అనుచోట్ల ఫాదర్, టీచర్ మాటలను పెద్ద అక్షరముతో మొదలిడుదురు. తమ ఊరిపేరును మాత్రము చిన్న అక్షరముతో వ్రాసి విడుతురు. ఈ రెండును తప్పులే.

పెద్ద అక్షరము పేరునకు గుర్తు, గౌరవమునకు కాదు. మనుష్యులు, ఊళ్లు, నదులు, భాషలు, వారములు, నెలలు - వీని పేర్లు పెద్ద అక్షరముతో మొదలగును. ఋతువుల పేర్లకు అది అక్కఱలేదు. దొంగ పేరునకైనను పెద్ద అక్షరమే. రాజని అర్థమిచ్చు 'కింగ్' అను మాటకు, ఒకరి పేరునకు ముందు బిరుదముగా చేరిననే తప్ప, సామాన్యముగా చిన్న అక్షరమే. ఇవిగాక, వాక్యారంభమున పెద్ద అక్షరము వలయును. నేను అని అర్థమిచ్చు 'ఐ' ఎచ్చటనున్నను పెద్దదే. అది అహంకారము కాదు, ఆ భాషాసంప్రదాయము.

సంప్రదాయము భాషభాషకును మారును. ఫ్రెంచిలో వారములకు, నెలలకు చిన్న అక్షరమే. యానాములో ఫ్రెంచి చదివిన పెద్దలు దీని నెఱుగుదురు. జర్మను భాషలో నామవాచకములన్నింటికి పెద్ద అక్షరమే.

విజ్ఞానశాస్త్రమున ఈ పొరపాటు అర్థమునే మార్చును. 'సి' పెద్దదిగా, 'ఓ' చిన్నదిగా వ్రాసిన కోబాల్టు అను లోహము. రెండును పెద్దవైన కార్బన్ మోనాక్సైడు అను విషవాయువు. వాట్ సంకేతమునకు ముందు చిన్న 'ఎమ్' ఉన్న మిల్లీవాట్, పెద్ద 'ఎమ్' ఉన్న మెగావాట్; ఆ రెండింటి నడుమ నూఱుకోట్ల రెట్ల భేదము గలదు. న్యూటన్ మహాశయుని పేరునకు పెద్ద అక్షరము వలయును. ఆయన పేర ఏర్పడిన బలపు కొలతను పూర్తిగా వ్రాయునపుడు చిన్న అక్షరము, సంకేతముగా వ్రాయునపుడు పెద్ద అక్షరము.

ఇంగ్లీషు రాని తల్లియు ఈ విషయమున బిడ్డకు సాయపడగలదు. దినమున కొక పుట తెఱపించి, అందలి ప్రతి పెద్ద అక్షరమును చూపి, "ఇది వాక్యమునకు మొదలా? పేరా? మఱి దేనికి పెట్టిరి?" అని తెలుగులోనే అడుగవలెను. బిడ్డ కారణము చెప్పగలిగిననాడు నియమము వానికి పట్టుబడినదని యెఱుగునది. మందలింపుకంటె ఈ ప్రశ్న మేలు చేయును.