సృజనకు మార్కులు: అపోహలు – వాస్తవాలు

తెలంగాణ పదో తరగతి తెలుగు ప్రశ్నపత్రంలో ‘వ్యక్తీకరణ – సృజనాత్మకత’ అని ఒక భాగం ఉంటుంది. కరపత్రం రాయండి, మిత్రునికి లేఖ రాయండి, సంభాషణగా మార్చండి అని అడుగుతారు. ఆ కరపత్రమూ ఆ లేఖా గైడ్లలో సిద్ధంగా దొరుకుతాయి. వరంగల్, హన్మకొండ హాస్టళ్లలో పిల్లలు తెల్లవారుజామున లేచి వాటిని కంఠస్థం చేస్తారు. తప్పు లేకుండా దించేస్తే మార్కులు పడతాయి. ఇందులో పిల్లల తప్పేమీ లేదు. సృజనను కొలవడం గురించి పెద్దలకున్న అపోహలే వాళ్లను అక్కడికి నెట్టాయి.

అపోహ: సృజనను కొలవడం అసలు సాధ్యమే కాదు.

వాస్తవం: కొంతవరకు సాధ్యమే. 1950లో అమెరికా మనోవిజ్ఞాన సంఘం అధ్యక్షోపన్యాసంలో గిల్‌ఫర్డ్ ఈ విషయాన్ని పరిశోధకుల ముందుంచాడు. 1966లో టోరెన్స్ పరీక్షలు వచ్చాయి. మన దేశంలో బాకర్ మెహదీ ఇలాంటి పరీక్షనే రూపొందించాడు. ‘ఇటుకతో ఏమేం చేయవచ్చు?’ లాంటి ప్రశ్న ఇచ్చి, ఎన్ని ఆలోచనలు వచ్చాయి, అవి ఎన్ని రకాలు, ఎంత అరుదైనవి అని లెక్కగడతారు. చిక్కంతా ఈ లెక్కలోనే ఉంది.

అపోహ: ఎక్కువ జవాబులు చెప్పినవాళ్లకే సృజన ఎక్కువ.

వాస్తవం: ఒక అమ్మాయి గోడ, మెట్టు, అరుగు, పొయ్యి అంటూ ఇరవై రాసింది. ఇంకో అబ్బాయి మూడే రాశాడు. వాటిలో ఒకటి, ఇటుకను మెత్తగా నూరి ముగ్గులో ఎర్రరంగుగా వాడటం. జవాబులు పెరిగేకొద్దీ వాటిలో ఒకటో రెండో అరుదైనవి పడే అవకాశమూ పెరుగుతుంది. అంటే మౌలికతకు వేస్తున్నామనుకునే మార్కులు చాలావరకు మళ్లీ సంఖ్యకే పడుతున్నాయి.

పైగా అరుదు అంటే ఎవరిలో అరుదు? ఇటుక పొడితో బోళ్లు తోముకోవచ్చని రాస్తే మన ఊళ్లలో అది నానమ్మకు తెలిసిన సంగతే, కొత్తేమీ కాదు. ఇటుక పొడితో అంట్లు తోమడం ఎరగని ఊరి పిల్లల జవాబులతో తయారైన పట్టిక ముందు పెట్టుకుని దిద్దితే అదే జవాబు అద్భుతమవుతుంది. జవాబు మారలేదు, పక్కన కూర్చున్న గుంపు మారింది.

అపోహ: గ్రాంథికానికి దగ్గరగా రాస్తేనే మంచి సృజన.

వాస్తవం: ఈ మాట వరంగల్‌లో చెల్లకూడదు. బడిపలుకుల కన్నా జనం పలుకుబళ్లకే పట్టం కట్టిన ప్రజాకవి కాళోజీ నడిచిన నేల ఇది. ఆయన పుట్టినరోజు సెప్టెంబరు 9ని రాష్ట్రం తెలంగాణ భాషా దినోత్సవంగా జరుపుతోంది. అలాంటిచోట కథలోని పాత్ర ‘ఎటు పోతున్నవ్‌రా’ అన్నందుకు మార్కు తగ్గిస్తే, కొలిచింది సృజనను కాదు, విధేయతను. నాకు అన్నింటికన్నా బాధ కలిగించేది ఇదే.

అపోహ: గడియారం పెట్టి పరీక్షిస్తే అసలు ప్రతిభ బయటపడుతుంది.

వాస్తవం: అన్ని ప్రతిభలూ గడియారానికి చిక్కవు. వరంగల్ నుంచి హైదరాబాద్ వెళ్లే దారిలో ఆలేరు ఉంది. ఆ ప్రాంతపు చేనేత కుటుంబంలో పుట్టిన చింతకింది మల్లేశం చదువు చిన్నతనంలోనే ఆగింది. చీరకు ఆసు పోయాలంటే, అంటే నేతకు ముందు నూలును మేకుల చుట్టూ చుట్టాలంటే, చేతిని వేలసార్లు అటూ ఇటూ తిప్పాలి. తల్లి లక్ష్మి భుజం నొప్పి చూడలేక ఆయన 1990లలో ఆ పని చేసే యంత్రం తయారీ మొదలుపెట్టారు. ఎదురుదెబ్బలు తింటూ, డబ్బు కోసం తిప్పలు పడుతూ 1999లో పూర్తిచేశారు. ఆ లక్ష్మీ ఆసు యంత్రానికిగాను ఆయనకు 2017లో పద్మశ్రీ దక్కింది. అరగంట పరీక్ష ఏళ్ల తరబడి ఒకే సమస్యను వదలని ఈ పట్టును చూడలేదు.

అపోహ: వేలిముద్రలు చూసి పిల్లల సృజన శాతం చెప్పేయవచ్చు.

వాస్తవం: శాస్త్రీయ ఆధారం లేదు. డబ్బు వృథా చేసుకోకండి.

అపోహ: పరీక్షల ఒత్తిడి ఉన్న దేశాల పిల్లలకు సృజన ఉండదు.

వాస్తవం: పదిహేనేళ్ల పిల్లలకు అంతర్జాతీయంగా పెట్టే పీసా పరీక్షలో 2022లో సృజనాత్మక ఆలోచనను తొలిసారి కొలిచారు. మొదటి స్థానం, 60కి 41 పాయింట్లతో, పరీక్షలకు పేరుమోసిన సింగపూర్‌ది. అందులో భారత్ పాల్గొనలేదు కాబట్టి మన పిల్లలకు ఫలానా ర్యాంకని ఎవరైనా చెబితే నమ్మకండి.

అపోహ: మూల్యాంకన సూచిక కచ్చితంగా ఉంటే న్యాయం జరిగినట్టే.

వాస్తవం: సంబోధనకు ఒకటి, తేదీకి అర, నినాదాలకు ఒకటి అని విడగొడితే స్పాట్ వాల్యుయేషన్‌లో ఎవరు దిద్దినా మార్కులు ఒకేలా వస్తాయి. అయితే ఆ అంకెలు కొలిచేది కరపత్రం నమూనాను. 1982లో మనోవిజ్ఞాన శాస్త్రవేత్త థెరిసా అమబైల్ వేరే దారి చూపింది: ఆ రంగం తెలిసిన కొందరు, ఒకరి మార్కులు ఒకరు చూడకుండా, రచనలను ఒకదానితో ఒకటి పోల్చి అంచనా వేయాలి. అష్టావధానంలో పృచ్ఛకులుగా ఆ విద్య తెలిసినవాళ్లనే కూర్చోబెట్టే మన సభలకు ఈ పద్ధతి కొత్తగా అనిపించదు. లక్షల జవాబుపత్రాలున్న బోర్డు పరీక్షలో ఇది కష్టం. బడి స్థాయి నిర్మాణాత్మక మూల్యాంకనంలో కష్టం కాదు. గైడులో లేని ప్రశ్న ఒకటి ఇచ్చి, పిల్లల పేర్లు కప్పి, ఇద్దరు ఉపాధ్యాయులు విడివిడిగా చదివితే చాలు. ఇద్దరి మార్కుల మధ్య తేడా ఎక్కువ ఉన్న కాగితాలను పక్కన పెట్టి, వాటి గురించి ఇద్దరూ కూర్చుని మాట్లాడుకోవాలి.