న్యాయస్థానం వెలుపల బాలల దిద్దుబాటు: ప్రొబేషన్ పర్యవేక్షణ – ఒక పరిశీలన

ఉపోద్ఘాతం:
డోంగ్లి కామారెడ్డి జిల్లాలో మహారాష్ట్ర సరిహద్దు ప్రాంతపు మండలం. 2022లో మద్నూరు మండలం నుండి విడివడింది. ఇక్కడి జనవ్యవహారంలో తెలుగుతో పాటు మరాఠీ కూడా వినిపిస్తుంది. ఇటువంటి గ్రామంలో పదిహేనేళ్ల బాలుడిపై సైకిలు దొంగతనం ఆరోపణ వచ్చిందనుకుందాం. అతణ్ణి విచారణల చుట్టూ తిప్పడమా, ఇంటివద్దనే ఉంచి పర్యవేక్షణలో సరిదిద్దడమా? ఈ ప్రశ్నకు చట్టం చూపే మార్గాన్ని వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం.

భావన – నేపథ్యం:
1841లో బోస్టన్ నగరంలో జాన్ అగస్టస్ అనే చెప్పుల తయారీదారు ఒక నిందితుడికి పూచీ నిలిచిన ఘటన ప్రొబేషన్ విధానానికి నాంది. అమెరికాలోని పలు రాష్ట్రాలలో అభియోగం దాఖలు కాకముందే, తల్లిదండ్రుల సమ్మతితో, ప్రొబేషన్ అధికారి బాలుణ్ణి కొంతకాలం పర్యవేక్షించే అనధికారిక పద్ధతి ఏర్పడింది. 1985 నాటి ఐక్యరాజ్యసమితి బీజింగ్ నియమాలలో పదకొండవది ఈ ‘మళ్లింపు’ను సమర్థిస్తూనే, బాలుడి లేదా సంరక్షకుల సమ్మతిని తప్పనిసరి చేసింది.

భారతీయ చట్టంలో స్థానం:
బాల న్యాయ చట్టం–2015లోని 3వ సెక్షను మళ్లింపును మౌలిక సూత్రంగా పేర్కొంది. 2016 ఆదర్శ నియమాలలో 8వ నియమం ప్రకారం, హేయమైన నేరాలలోను, పెద్దలతో కలిసి చేసిన నేరాలలోను తప్ప ఎఫ్.ఐ.ఆర్. నమోదు చేయరాదు. సమాచారాన్ని దినచర్య పుస్తకంలో రాసి, సాంఘిక నేపథ్య నివేదికతో జువైనల్ జస్టిస్ బోర్డుకు పంపాలి. గరిష్ఠ శిక్ష మూడేళ్లకు మించని చిన్న నేరమైతే బోర్డు తొలి హాజరులోనే వ్యవహారాన్ని ముగించవచ్చు. లేదా తదుపరి విచారణ వరకు బాలుణ్ణి ప్రొబేషన్ అధికారి పర్యవేక్షణకు అప్పగించవచ్చు.

18వ సెక్షను కింద మూడేళ్లకు మించకుండా ఇచ్చే ప్రొబేషన్ దీనికి భిన్నం. అది నేరం జరిగిందని విచారణలో తేలిన తరువాతి ఉత్తర్వు. కనుక దానిని మళ్లింపు అనలేము. అంతేగాక, మన ప్రొబేషన్ అధికారికి కేసును స్వయంగా ఆపే అధికారం లేదు. అతని బలమంతా రెండు వారాలలో సమర్పించవలసిన సాంఘిక పరిశోధన నివేదికలోనే ఉంది.

నివేదిక – భాష:
కుటుంబం, చదువు, పని, సహవాసాలు, నేరానికి దారితీసిన పరిస్థితులు ఆ నివేదికలోని అంశాలు. మరాఠీ మాట్లాడే తల్లిని కార్యాలయ తెలుగులో ప్రశ్నిస్తే గడులు నిండుతాయి గాని బాలుడి జీవితం బోర్డుకు అందదు. సమ్మతి విషయంలోనూ ఇదే చిక్కు. షరతులు అర్థం కాకుండా వేసిన వేలిముద్ర సమ్మతి కాదు. నేరం చేయని బాలుడు సైతం కేసు త్వరగా ముగుస్తుందనే ఆశతో ఒప్పుకొనే ప్రమాదం ఉంది. విచారణను తప్పించే సౌలభ్యం నిర్దోషిత్వాన్ని నిరూపించుకొనే హక్కును హరించరాదు.

ముగింపు:
నిందాత్మక పదాలు వాడరాదన్నది కూడా 3వ సెక్షనులోని సూత్రమే. ‘బాల నేరస్థుడు’ అనే మాట విచారణకు ముందే తీర్పు చెబుతుంది. ‘చట్టంతో సంఘర్షణ పడిన బాలుడు’ అన్నది తీర్పును మిగిల్చి ఉంచుతుంది. బాలుడికి, అతని తల్లికి అర్థమయ్యే భాషలో నివేదికలను, షరతులను రూపొందించినప్పుడే మళ్లింపు సూత్రం డోంగ్లి వంటి సరిహద్దు మండలాలలో ఆచరణకు వస్తుంది. భాషాధ్యయనం న్యాయవ్యవస్థకు అందించగల సేవ ఇక్కడ ఉంది.