థార్‌లో రాకర్ స్విచ్‌లు బిగిస్తున్నారా? లోడ్ స్విచ్ మీద కాదు, రిలే మీద పడాలి

పోయిన వర్షాకాలంలో ఒక శనివారం రాత్రి, వికారాబాద్ దగ్గర అనంతగిరి కొండల నుంచి హైదరాబాద్‌కి తిరిగొస్తున్నాం. బండి నా ఫ్రెండ్‌ది, మహీంద్రా థార్. మట్టి రోడ్డు మీద ఉన్నాం కాబట్టి బంపర్ మీద ఉన్న లైట్ బార్ ఆన్ చేశాడు. పది నిమిషాలయ్యాక, "రేయ్, ఏదో కాలుతున్న వాసన రావట్లా?" అన్నాడు. నేను సెంటర్ కన్సోల్‌లో కొత్తగా బిగించిన రాకర్ స్విచ్ మీద వేలు పెట్టాను. చురుక్కుమంది.

వెంటనే లైట్ ఆపేసి, బండి పక్కకు తీసి, బ్యాటరీ నెగటివ్ టెర్మినల్ ఊడదీశాం. మర్నాడు కన్సోల్ విప్పి చూస్తే స్విచ్ వెనక ఒక కనెక్టర్ గోధుమ రంగులోకి మారిపోయి ఉంది, దాని చుట్టూ ప్లాస్టిక్ మెత్తబడి జారింది. 120 వాట్ల లైట్ బార్ కరెంటు మొత్తం ఒక సన్నటి వైరులో, ఆ స్విచ్ గుండానే వెళ్తోంది. రిలే లేదు. ఫ్యూజ్ కూడా లేదు. బిగించిన షాపతను మాత్రం స్విచ్ చాలా నీట్‌గా ఫిట్ చేశాడు!

ఆ తర్వాత రెండు వీకెండ్లు కూర్చుని మొత్తం మళ్లీ చేశాం. అప్పుడు అర్థమైంది ఏంటంటే, కన్సోల్‌లో రంధ్రం కోయడం ఈ పనిలో చిన్న భాగం. అసలు పని కనపడని చోట ఉంటుంది. అదేంటో ఈ ఆర్టికల్‌లో చూద్దాం.

స్విచ్ పని ఏంటి?

ఊళ్లో బోరు మోటారు స్టార్టర్ పెట్టె చూసే ఉంటారు. మనం నొక్కే పచ్చ బటన్ గుండా మోటారు కరెంటు వెళ్లదు. ఆ బటన్ లోపలున్న కాయిల్‌కి కొంచెం కరెంటు ఇస్తుంది, ఆ కాయిల్ పెద్ద కాంటాక్టులను లాగుతుంది, మోటారు తిరుగుతుంది. కారులో ఇదే పని చేసేది రిలే. రాకర్ స్విచ్ అంటే ఆ పచ్చ బటన్ అన్నమాట.

లెక్క చూద్దాం. 120 వాట్ల లైట్ బార్ 12 వోల్టుల దగ్గర 10 ఆంపియర్లు తీసుకుంటుంది. మామూలు ఆటోమోటివ్ రిలే కాయిల్ తీసుకునేది 0.2 ఆంపియర్ కంటే తక్కువ. అంటే రిలే పెడితే కన్సోల్‌లోకి వచ్చే కరెంటు 50వ వంతుకు పడిపోతుంది.

"నా స్విచ్ మీద 20 ఆంపియర్లు అని రాసుంది కదా, 10 మోయలేదా?" అని అడగొచ్చు. మంచి ప్రశ్నే. కార్లింగ్ కంపెనీ కాంటూరా లాంటి ఒరిజినల్ స్విచ్‌లకు 12 వోల్టుల దగ్గర 20 ఆంపియర్ల రేటింగ్ నిజంగానే ఉంది. కానీ సమస్య స్విచ్‌లోనే కాదు, జాయింట్‌లో కూడా ఉంటుంది. కనెక్టర్ కొంచెం వదులై అక్కడ 0.1 ఓమ్ రెసిస్టెన్స్ వచ్చిందనుకోండి. 10 ఆంపియర్లు వెళ్తే ఆ గోరంత చోటులో 10 వాట్ల వేడి పుడుతుంది. చిన్న సోల్డరింగ్ ఐరన్ 25 వాట్లు ఉంటుంది, దాంతో పోల్చుకోండి. ఇంకా భయపెట్టే విషయం, ఇలాంటప్పుడు ఫ్యూజ్ కూడా పోదు. ఎందుకంటే కరెంటు పెరగలేదు, 10 ఆంపియర్లే ఉంది. అదే వదులు జాయింట్‌లో రిలే కాయిల్ కరెంటు మాత్రమే వెళ్తే పుట్టే వేడి ఒక వాట్‌లో వందో వంతు కూడా ఉండదు.

ఘాట్ రోడ్లలో, గుంతల్లో ఊగే బండిలో జాయింట్లు ఎప్పుడో ఒకప్పుడు వదులవుతాయి. అందుకే ఆఫ్‌రోడ్ బండికి రిలే తప్పనిసరి అంటున్నా.

వైరు మందం

రాగి వైరు 0.75 చదరపు మిల్లీమీటర్లది అయితే మీటరుకి సుమారు 0.023 ఓమ్ రెసిస్టెన్స్ ఉంటుంది. బ్యాటరీ నుంచి కన్సోల్‌కి, అక్కడి నుంచి మళ్లీ బంపర్‌కి కలిపి 5 మీటర్లనుకుంటే 10 ఆంపియర్ల దగ్గర ఒక వోల్టుకు పైగా దారిలోనే పోతుంది. అదంతా వైరులో వేడిగా మారుతుంది.

రిలే ఇంజిన్ బేలో బ్యాటరీ పక్కనే పెట్టి, 2.5 చదరపు మిల్లీమీటర్ల వైరు 2 మీటర్లు లాగితే పోయేది 0.15 వోల్టు లోపే. కన్సోల్ నుంచి రిలేకి వెళ్లే సన్న వైరు 0.75 చాలు, అందులో పెద్ద కరెంటే లేదు కదా. టైర్లకు గాలి కొట్టే కంప్రెసర్ 20 నుంచి 30 ఆంపియర్లు లాగొచ్చు. దానికి వేరే రిలే, వేరే ఫ్యూజ్, ఇంకా మందమైన వైరు పెట్టండి. లైట్ల లైనుకి కలపొద్దు.

కనెక్షన్ ఎలా ఇవ్వాలి?

రిలే మీద నాలుగు నంబర్లు ఉంటాయి.

30: బ్యాటరీ పాజిటివ్ నుంచి, ఫ్యూజ్ ద్వారా.
87: లైట్ బార్ పాజిటివ్‌కి.
86: రాకర్ స్విచ్ అవుట్‌పుట్ నుంచి.
85: బాడీ ఎర్త్‌కి.

ఫ్యూజ్ బ్యాటరీకి వీలైనంత దగ్గరగా ఉండాలి. చాలామంది ఫ్యూజ్ లైటును కాపాడుతుంది అనుకుంటారు. కాదు, వైరును కాపాడుతుంది. బ్యాటరీకి, ఫ్యూజ్‌కి మధ్యలో ఉన్న వైరు ఎక్కడైనా ఒరుసుకుని బాడీకి తగిలితే దాన్ని ఆపేది ఏదీ ఉండదు. 10 ఆంపియర్ల లైటుకి 15 ఆంపియర్ల ఫ్యూజ్ సరిపోతుంది. అది పోతే 30ది పెట్టేయకండి, ఎందుకు పోయిందో వెతకండి.

ఇక స్విచ్ వెనక. ఐదు పిన్నుల రాకర్ స్విచ్‌లు చాలా వాటిలో 2 ఇన్‌పుట్, 3 అవుట్‌పుట్, 6, 7 లోపలి బల్బుల ఎర్త్‌లు, 8 పార్కింగ్ లైట్ల లైను నుంచి వచ్చే పాజిటివ్. ఎర్త్ ఇవ్వకపోయినా స్విచ్ పనిచేస్తుంది కానీ దాని మీద బొమ్మ వెలగదు. "స్విచ్ పోయింది" అని రిటర్న్ పెట్టేవాళ్లు ముందు ఇది చూసుకోండి. చవక స్విచ్‌లలో నంబర్లు మారొచ్చు కాబట్టి మల్టీమీటర్ కంటిన్యుటీ మోడ్‌లో ఒకసారి చెక్ చేశాకే వైరు పెట్టండి.

2వ పిన్నుకి కరెంటు ఎక్కడి నుంచి? కీ ఆన్ చేస్తేనే లైవ్ అయ్యే ఫ్యూజ్ నుంచి, ఫ్యూజ్ ట్యాప్ వేసి తీసుకోండి. కంపెనీ వైరు కోసి అతికించొద్దు. కీ తీసేస్తే అన్నీ ఆగిపోతాయి, మర్చిపోయినా పొద్దున్నే బ్యాటరీ డౌన్ అవ్వదు.

కన్సోల్‌లో కోత

2025 ఫేస్‌లిఫ్ట్‌కి ముందు వచ్చిన మూడు డోర్ల థార్‌లో పవర్ విండో స్విచ్‌లు డోర్ల మీద కాకుండా సెంటర్ కన్సోల్‌లోనే ఉండేవి. అంటే మీరు కోయబోయే ప్లాస్టిక్ కింద ఇప్పటికే కంపెనీ వైర్లు ఉన్నాయి. పైగా చాలా కార్లలో ఎయిర్‌బ్యాగ్ కంట్రోల్ యూనిట్ కన్సోల్ కిందే ఉంటుంది. అందుకే ఈ వరస పాటించండి.

ముందు బ్యాటరీ నెగటివ్ తీసి కొన్ని నిమిషాలు ఆగండి. పసుపు రంగు కనెక్టర్లు, పసుపు స్లీవ్ ఉన్న వైర్లు ఎయిర్‌బ్యాగ్‌వి. వాటిని ముట్టుకోవద్దు, వాటి మీద మల్టీమీటర్ అసలే పెట్టొద్దు.

ప్యానెల్ బయటికి తీసి టేబుల్ మీద పెట్టుకునే కోయండి. బండిలో ఉండగా డ్రిల్ పెట్టొద్దు.

కాంటూరా సైజు స్విచ్‌కి కోత 36.8 × 21.1 మిల్లీమీటర్లు. మాస్కింగ్ టేప్ అంటించి గీసుకుని, గీత లోపలే కోసి, మిగతాది ఆకురాయితో అరగదీయండి. ఒక మిల్లీమీటరు ఎక్కువ పోతే స్విచ్ క్లిప్పులు పట్టవు, ఇక ఆ ప్యానెల్ మార్చాల్సిందే.

వెనక కనెక్టర్లతో కలిపి కనీసం 5 సెంటీమీటర్ల ఖాళీ ఉందా, గేర్ లివర్ అన్ని గేర్లలోకి వెళ్లినా వైర్లకు తగలడం లేదా చూసుకోండి.

వైరును చేత్తో మెలేసి టేప్ చుట్టడం వద్దు. మన ఎండలకు ఆ టేప్ జిగురు కారిపోతుంది. 6.3 మిల్లీమీటర్ల స్పేడ్ కనెక్టర్లు క్రింపింగ్ ప్లయర్‌తో నొక్కి, లాగి చూడండి. ఊడిరాకూడదు. ఇంజిన్ వైపు నుంచి లోపలికి వైరు తెచ్చే చోట రబ్బరు గ్రోమెట్ తప్పకుండా ఉండాలి.

కోయడం ఇష్టం లేకపోతే?

బ్లూటూత్ యాప్‌తో పనిచేసే ఆరు, ఎనిమిది బటన్ల స్విచ్ ప్యానెళ్లు ఇప్పుడు దొరుకుతున్నాయి. వాటిలో రిలేలు, ఫ్యూజులు ఉన్న బాక్స్ ఇంజిన్ బేలో కూర్చుంటుంది, లోపలికి ఒక సన్న కేబుల్ మాత్రమే వస్తుంది. అంటే పైన చెప్పిన పద్ధతే, రెడీమేడ్‌గా. మూడు కంటే ఎక్కువ యాక్సెసరీలు ఉంటే ఇదే బెటర్. ఒకటి రెండు లైట్లకైతే రాకరే మేలు. చీకట్లో, కుదుపుల్లో, రోడ్డు మీంచి చూపు తిప్పకుండా వేలితో వెతికి నొక్కగలం. టచ్ ప్యానెల్‌తో అది కుదరదు.

ఇవి కూడా గుర్తుంచుకోండి

కేంద్ర మోటారు వాహనాల నియమాలు, 1989 ముందువైపు స్పాట్ లైట్లను ప్రత్యేక అనుమతి లేకుండా ఒప్పుకోవు. ట్రైల్ మీద వాడినా, పబ్లిక్ రోడ్డు ఎక్కాక లైట్ బార్ ఆపి కవర్ వేస్తే సరిపోతుందని అనుకోవద్దు, ముందే ఆర్టీఓ ఆఫీసులో కనుక్కోండి. అలాగే వైరింగ్ మార్చారని ఎలక్ట్రికల్ వారంటీ క్లెయిమ్ తిరస్కరించే అవకాశం ఉంది. ఇన్సూరెన్స్ కంపెనీకి కూడా మార్పుల సంగతి చెప్పి పెట్టుకోవడం మంచిది.

షాపులో చేయిస్తున్నా సరే, డబ్బులిచ్చే ముందు మూడు ప్రశ్నలు అడగండి. రిలే ఎక్కడ పెట్టారు? ఫ్యూజ్ ఎక్కడుంది, ఎన్ని ఆంపియర్లది? వైరు సైజు ఎంత? మూడూ బానెట్ ఎత్తి చూపించగలిగితే బండి తీసుకోండి. తర్వాత లైట్లు అరగంట ఆన్‌లో ఉంచి స్విచ్ మీద వేలు పెట్టి చూడండి. చల్లగా ఉండాలి. మా వాడి థార్‌లో ఇప్పుడు అలాగే ఉంది, అయినా ప్రతి ట్రిప్పుకి ముందు ఒకసారి వేలు పెట్టి చూస్తున్నాడు.